కంట్లో వేసిన చుక్క గొంతులో చేదెందుకు?

"కంట్లో ఏసుకున్న మందు గొంతులో చేదు తగులుతదేందన్నా?" అని గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతూ ఒక రిటైర్డ్ కోల్‌కట్టర్ అడిగాడు. మంచి ప్రశ్న. ఆ చేదు డార్జోలమైడ్ అనే కంటి మందుది. కంటి కోసం కొన్న మందులో కొంత కంటికి అందకుండా గొంతులోకి దిగిందని అర్థం. నెలనెలా కంటి చుక్కలకు డబ్బులు పెట్టేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతంతా ఈ చేదులోనే ఉంది.

ముందు ఈ చుక్కలు వాడే జబ్బు మాట. దాన్ని గ్లాకోమా అంటారు, మన పెద్దలు నీటికాసులు అన్నారు. కంటి లోపల పలుచని నీరు నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున ఊరుతూ ఉంటుంది. అంతే నీరు సన్నని జల్లెడ గుండా బయటికి పోతూ ఉంటుంది. బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. ఊట ఎంత వస్తే పంపు అంతా తోడాలి, పంపు మొరాయిస్తే సంపు నిండి నీళ్లు పనిచేసే చోటికి వస్తాయి. కంట్లో ఆ జల్లెడ మొరాయిస్తే ఒత్తిడి పెరిగి వెనకున్న నరం నలుగుతుంది. మామూలుగా 10 నుంచి 21 మి.మీ. (పాదరసం) మధ్య ఉండే ఒత్తిడి పైకి పోయినా చాలామందికి నొప్పి ఉండదు, చూపు మాత్రం పక్కల నుంచి తరుగుతూ వస్తుంది. పోయిన చూపు మళ్లీ రాదు. 1990ల చివర్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు హైదరాబాదులో ఇంటింటి సర్వే చేస్తే, ఈ జబ్బు ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అది ఉన్నట్టే తెలియదు.

చుక్కల మందులు రెండు దారుల్లో పనిచేస్తాయి. టిమోలాల్ ఊటను తగ్గిస్తుంది. లాటానోప్రోస్ట్ నీళ్లు పోవడానికి ఇంకో కాలువ తెరుస్తుంది.

ఈ లాటానోప్రోస్ట్ వెనక ఒక బొగ్గుబాయి మనిషి ఉన్నాడంటే మనవాళ్లు నమ్మరు. ఆయన పేరు లాస్లో బీటో, 1934లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ కుటుంబాన్ని ఊరి నుంచి వెళ్లగొట్టింది, కుర్రవాణ్ణి కొమ్లో బొగ్గుగనుల్లో వెట్టి చాకిరీకి పంపింది. 1956 తిరుగుబాటులో తోటి గని కూలీలతో కలిసి లేచాడు. అది అణిగిపోయాక అమెరికా పారిపోయి, చదువుకుని, కొలంబియా విశ్వవిద్యాలయంలో కంటి పరిశోధకుడయ్యాడు. ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం కంటి ఒత్తిడిని పెంచుతుందని అప్పట్లో అందరి నమ్మకం. బీటో, కార్ల్ కామ్రాస్ అనే విద్యార్థితో కలిసి దాన్ని కొద్ది మోతాదులో కుందేళ్ల కళ్లలో వేసి చూశాడు. ఒత్తిడి తగ్గింది. ఆ ఫలితం అచ్చయింది 1977లో. దాని ఆధారంగా చేసిన లాటానోప్రోస్ట్ సీసాగా అమెరికా మార్కెట్లోకి వచ్చేసరికి 1996 అయింది. ఆయన తర్వాత నవలలు రాసుకుంటూ హంగరీ చేరి, 2021లో పోయాడు. పేటెంటు గడువు ఎప్పుడో తీరింది కాబట్టి ఈ మందును ఇవాళ ఏ కంపెనీ అయినా తయారు చేయొచ్చు. మన జేబుకు పనికొచ్చే మొదటి సంగతి ఇదే.

ఇక చుక్క దగ్గరికి వద్దాం. కంటి మీద మామూలుగా ఉండే తడి ఏడెనిమిది మైక్రోలీటర్లు. రెప్పల మధ్య ఎంత నింపినా ముప్ఫైకి మించి నిలవదు. సీసా నుంచి పడే చుక్కేమో చాలాసార్లు ముప్ఫై నుంచి యాభై దాకా ఉంటుంది. అంటే ఒక్క చుక్కకే కన్ను పొంగిపోతుంది. మిగిలింది చెంప మీదికి జారుతుంది, లేదా ముక్కు పక్కనున్న సన్నని రంధ్రంలోంచి ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి దిగుతుంది. 1990ల మొదట్లోనే ఆల్కాన్ కంపెనీ పరిశోధకులు 16 మైక్రోలీటర్ల బుల్లి చుక్క కూడా అంతే పనిచేస్తుందని చూశారు, కానీ ఆ సీసా అమ్మకానికి రాలేదు. 2017లో ప్రోపబ్లికా అనే అమెరికన్ వార్తాసంస్థ ఈ సంగతి బయటపెట్టింది. చేతులు వణికే ముసలివాళ్లకు పెద్ద చుక్కే నయమని కంపెనీల వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు, కానీ బిల్లు కట్టేది మనమే కదా.

లెక్క చూడండి. 2.5 మిల్లీలీటర్ల లాటానోప్రోస్ట్ సీసాలో సుమారు ఎనభై చుక్కలు ఉంటాయి. రాత్రికి కంటికొకటి వేస్తే నలభై రోజులకు సరిపడా మందు, నాలుగు కింద పడ్డా నెల గడుస్తుంది. "ఒకటి సరిగ్గా పడిందో లేదో" అని ప్రతిసారీ రెండేసి వేసుకుంటే ఇరవై రోజులకే సీసా ఖాళీ. ఏడాదికి పన్నెండు సీసాలు పోయే చోట పద్దెనిమిది పోతాయి. రెండో చుక్క మొదటిదాన్ని కడిగేయడం తప్ప చేసేదేమీ లేదు.

కాబట్టి తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కొంచెం లాగి, అక్కడ ఒక్క చుక్క వేసి, మెల్లగా కళ్లు మూసుకోవాలి. రెప్పలు టపటపలాడించొద్దు. ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. ఇలా మూలను నొక్కినా, కళ్లు మూసుకుని ఉన్నా ఒంట్లోకి చేరే మందు సగానికి పైగా తగ్గిందని 1984లోనే కొలిచి చూపించారు. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. చెంప మీద జారిన లాటానోప్రోస్ట్‌ను తుడిచేయండి, లేకపోతే అది తగిలిన చోట చర్మం నల్లబడవచ్చు.

ముక్కులోకి దిగిన టిమోలాల్ నేరుగా రక్తంలో కలుస్తుంది. అది ఊపిరి గొట్టాలను బిగించగలదు, గుండె వేగం తగ్గించగలదు. ఏళ్ల తరబడి బాయి దుమ్ము పీల్చి ఆయాసంతో ఉన్న మనిషికి చవకైన ఈ మందే ప్రమాదం కావచ్చు. ఉబ్బసం, దగ్గు, ఇన్‌హేలర్ సంగతి కంటి డాక్టరుకు ముందే చెప్పాలి. కళ్లకు, ఊపిరితిత్తులకు సంబంధమేంటని ఊరుకోవద్దు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. రామగుండం వేసవిలో 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. లాటానోప్రోస్ట్ సీసా తెరవకముందు చాలా కంపెనీలవి ఫ్రిజ్‌లో ఉండాలి, తెరిచాక 25 డిగ్రీలు దాటకూడదు. సీసా మీద చూసుకోండి. బండి డిక్కీలోనో కిటికీ గూట్లోనో మరిచిన సీసా మీద డబ్బు దండగే. తెరిచిన తారీఖు సీసా మీద రాసుకుని, నెల దాటితే పారేయండి.

ధర విషయానికొస్తే, రిటైరైనవాళ్ల మెడికల్ కార్డు ఉంటే ముందు సింగరేణి బొగ్గు కంపెనీ ఏరియా ఆసుపత్రిలో అడగాలి. కాంట్రాక్టు కార్మికులకు, కార్డు లేనివాళ్లకు జన ఔషధి దుకాణాలున్నాయి. 2008లో మొదలైన ఈ దుకాణాల్లో మందులు బ్రాండ్ ధర కన్నా 50 నుంచి 90 శాతం తక్కువని ప్రభుత్వం చెబుతోంది. లాటానోప్రోస్ట్‌ను 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేర్చారు, ఆ జాబితాలోని మందులకు ధర పరిమితి ఉంటుంది. చీటీలో మందు అసలు పేరు రాయమని డాక్టరును అడగడం తప్పేమీ కాదు. కంపెనీ మారితే మాత్రం తర్వాతి నెలలో ఒత్తిడి ఒకసారి కొలిపించుకోండి.

ఆదా పేరుతో రోజు మార్చి రోజు వేసుకునేవాళ్లున్నారు. అది ఆదా కాదు, చూపు అమ్ముకోవడం. దుమ్ము పడి కళ్లు ఎర్రబడితే మెడికల్ షాపులో చేతికందిన చుక్క కొనడం ఇంకా నష్టం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే నెలల తరబడి వాడినవాళ్లకు ఇదే నీటికాసులు రావచ్చు. ఆకు పసర్లు, తేనె, తల్లిపాలు కంట్లో పోయొద్దు.

ఈసారి కంటి పరీక్షకు వెళ్లినప్పుడు సీసా జేబులో వేసుకెళ్లి, డాక్టరు ముందే ఒక చుక్క వేసుకుని చూపించండి. తప్పు పడుతుంటే అక్కడే దిద్దుతారు. మీకు ఈ జబ్బు ఉంటే మీ అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, నలభై దాటిన పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి. వాళ్లకు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ.