పెట్టె చేయించే ముందు ఒక కాగితం

పొదుపు సంఘం అంటే డబ్బు ఒక్కటే కాదు. పాసు పుస్తకాలు ఉంటాయి. తీర్మానాల పుస్తకం ఉంటుంది. అప్పుల లెక్కల పుస్తకం ఉంటుంది. అవి వానకు తడిసినా, ఎలకలు కొట్టినా లెక్క తెలీదు. తగువులు వస్తాయి. అందుకే సంఘానికి ఒక ఇనుప పెట్టె కావాలి.

నెల్లిమర్లలో పది మంది ఆడవాళ్ల సంఘం ఒకటి ఉందనుకుందాం. వాళ్లు వెల్డింగ్ షాపుకి వెళ్లారు.

"పెట్టెకి ఎంతవుద్ది బాబూ?" అని అడిగారు.

"ఎంత పెట్టె అప్పా?" అన్నాడు షాపాయన.

"మరీ పెద్దది కాదు, మరీ చిన్నదీ కాదు" అన్నారు.

ఆయన ఒక ధర చెప్పాడు. రెండో షాపులో తక్కువ చెప్పారు. మూడో షాపులో ఎక్కువ చెప్పారు. ఏది చవక? చెప్పలేం. ఒకాయన మందం రేకు అనుకున్నాడు. ఒకాయన పల్చని రేకు అనుకున్నాడు. ఒకాయన రంగు కలిపి చెప్పాడు. ఒకాయన కలపలేదు. ముగ్గురూ మూడు వేరు వేరు పెట్టెలకు ధర చెప్పారు.

కాబట్టి ముందు కాగితం రాసుకోవాలి. అదే కాగితం ముగ్గురికీ చూపాలి. అప్పుడే ధరలు పోల్చగలం.

కాగితంలో ఏమేమి రాయాలి?

1. కొలతలు: పెట్టెలో పెట్టే పుస్తకాలన్నీ ఒకచోట పేర్చండి. టేపుతో కొలవండి. చెయ్యి పట్టేలా చుట్టూ ఒక అంగుళం వదలండి. పొడవు 18 అంగుళాలు, వెడల్పు 12 అంగుళాలు, ఎత్తు 10 అంగుళాలు వచ్చిందనుకుందాం. పక్కనే 'లోపలి కొలత' అని రాయండి. అంగుళాలో, సెంటీమీటర్లో తప్పక రాయాలి. 18 సెంటీమీటర్లంటే సుమారు 7 అంగుళాలే.

2. బొమ్మ: పెట్టెను పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయండి. ముందునుంచి, పక్కనుంచి కూడా గీయండి. ప్రతి గీత పక్కన కొలత వేయండి. బొమ్మ అందంగా లేకపోయినా ఫర్వాలేదు. అంకె సరిగ్గా ఉండాలి.

3. రేకు మందం: షాపుల్లో 'గేజి' అంటారు. గేజి అంకె పెరిగితే రేకు పల్చనవుతుంది. 18 గేజి రేకు సుమారు 1.2 మిల్లీమీటర్లు. 20 గేజి సుమారు 0.9 మిల్లీమీటర్లు. గేజితో పాటు మిల్లీమీటర్లు కూడా రాయండి.

4. తాళాలు: ఎన్ని తాళాలో, ఎక్కడో బొమ్మలో చూపండి. రెండు తాళాలుంటే చెవులు ఇద్దరి దగ్గర ఉంచవచ్చు. ఒక్కరే పెట్టె తెరవలేరు.

5. అంచులు, రంగు: అంచులు మడవకపోతే చేతులు కోసుకుంటాయి. 'అంచులు మడవాలి' అని రాయండి. తుప్పు పట్టకుండా ముందు రెడ్ ఆక్సైడ్, దానిపైన రంగు వేయాలి. ఎన్ని పూతలో రాయండి.

6. ధర, గడువు: ఎన్ని పెట్టెలు? ఏ తేదీకి కావాలి? ధరలో తాళాలు, రంగు, బండి కిరాయి కలిసి ఉన్నాయా? షాపాయనతో రాయించి సంతకం పెట్టించండి. అడ్వాన్సు ఇస్తే రసీదు తీసుకోండి.

రేకు మందం ఎలా తెలుస్తుంది?

కాటా మీద తూయండి. ఈ పెట్టెకు ఆరు వైపులా కలిపి 1,032 చదరపు అంగుళాల రేకు పడుతుంది. 144 చదరపు అంగుళాలు ఒక చదరపు అడుగు. అంటే 7 చదరపు అడుగుల పైమాటే. 1.2 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు అడుగు సుమారు 875 గ్రాములు తూగుతుంది. రేకే 6 కిలోలు దాటుతుంది. 0.9 మిల్లీమీటర్ల రేకైతే 5 కిలోల లోపే. మడతలు, తాళం కొండీలు కలిస్తే బరువు ఇంకొంచెం పెరుగుతుంది. 18 గేజికి డబ్బు తీసుకుని ఇచ్చిన పెట్టె 5 కిలోలే తూగితే, ఊరుకోకండి. కాగితం చూపించి అడగండి.

పెద్ద కార్ఖానాల్లో ఎలా?

అక్కడ కంప్యూటరుతో నడిచే లేజరు యంత్రాలు రేకును కోస్తాయి. బొమ్మను కంప్యూటరులో గీసి, ఫైలుగా పంపాలి. 18 అంగుళాలను 457 మిల్లీమీటర్లు అని వేస్తారు. పెట్టెను విప్పి పరిస్తే రేకు ఎలా ఉంటుందో అలా గీస్తారు. ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ మడవాలో చూపిస్తారు. యంత్రం మనసులో మాట అడగదు. గీత ఉన్నచోటే కోస్తుంది. అక్కడైనా, మన ఊరి షాపులోనైనా మొదటి పని ఒకటే. కొలిచి రాయాలి.

మీరు చేయండి

• మీ సంఘం పుస్తకాలు కొలిచి, పెట్టె బొమ్మ గీయండి.
• 18 గేజి, 20 గేజి రేకుల్లో ఏది మందం?
• పెట్టె చెవులు ఎవరెవరి దగ్గర ఉండాలి? ఎందుకు? సంఘంలో మాట్లాడండి.