ఒక చరిత్ర - రెండు పాఠములు

మొక్కై వంగనిది మానై వంగునా యని పెద్దలందురు. ఈ మాటలోని సత్యము ప్రభుత్వములకు బాగుగా తెలియును. అందుచేతనే రెండు దేశముల నడుమ వైరము గాని స్నేహము గాని పెరుగునపుడు, దాని ఛాయ పాఠశాలలోని పుస్తకములపై కూడ పడుచుండును. ఇందుకు ఫ్రాన్సు, జర్మనీ దేశముల చరిత్రపుస్తకములు చక్కని నిదర్శనము.

ఈ రెండును ఇరుగుపొరుగు దేశములు. రైను నది కొంత దూరము వాని నడుమ సరిహద్దుగా ప్రవహించుచున్నది. ఆ నదికి పడమటి గట్టున అల్సాసు అను సారవంతమైన సీమయు, దాని కావల లొరేను అను సీమయు కలవు. 1870వ సంవత్సరమున ఫ్రాన్సునకును, ప్రష్యా మొదలగు జర్మను రాజ్యములకును యుద్ధము సంభవించెను. ఫ్రాన్సు ఓడిపోయెను. 1871లో ఆ జర్మను రాజ్యములు ఏకమై ఒక సామ్రాజ్యముగా నేర్పడెను. ఆ యేడే జరిగిన ఫ్రాంక్‌ఫర్టు సంధి ననుసరించి అల్సాసు సీమయు, లొరేనులో కొంత భాగమును ఆ సామ్రాజ్యమునకు వశమయ్యెను.

నాటినుండి రెండు దేశముల బడులలో రెండు విధములైన చరిత్రలు వినవచ్చెను. ఆ సీమ పూర్వము తమదేననియు, ఫ్రెంచి రాజులు అపహరించిన సొత్తు తిరిగి తమ చేతికి వచ్చెననియు జర్మను బాలురకు చెప్పిరి. 1681లో పదునాలుగవ లూయీ స్ట్రాస్‌బర్గు నగరము నాక్రమించిన సంగతి వారికి మాటిమాటికి జ్ఞాపకము చేసిరి. సెడాను యుద్ధమున ఫ్రాన్సును జయించిన దినమని సెప్టెంబరు 2వ తేదీని బడులలో ఉత్సవముగా జరిపిరి. ఫ్రెంచి బాలురకో, అదే సీమ శత్రువు కోసికొనిపోయిన తమ దేశశరీరములోని ఒక భాగమని బోధించిరి. 1887లో ఆల్బేర్ బెతానియే అను చిత్రకారుడు చిత్రించిన బడి దృశ్యము ప్రసిద్ధమైనది. అందు ఉపాధ్యాయుడు గోడకు వ్రేలాడు దేశపటముపై నల్లని మచ్చ నొకదానిని కర్రతో ఒక బాలునికి చూపుచుండును. ఆ మచ్చయే పోయిన సీమ. 1882 మొదలు కొన్ని యేండ్లు ఫ్రెంచి పాఠశాలలలో తుపాకులతో కవాతు నేర్పు బాలదళములు కూడ నుండెను.

ఆల్ఫోన్స్ దోదే అను ఫ్రెంచి రచయిత వ్రాసిన 'చివరి పాఠము' అను కథ ఆ కాలమునదే. అల్సాసులోని ఒక పల్లెబడిలో ఫ్రెంచి బోధన నిలిచిపోవు దినమును అది వర్ణించును. భాషను పోగొట్టుకొనుటలోని వేదన చదువరుల హృదయమును కరగించును. కాని ఆ కథ చెప్పని సంగతి యొకటి కలదు. ఆనాడు అల్సాసు పల్లెలలో పెక్కుమంది యిండ్లలో మాటలాడుకొనినది ఫ్రెంచి కాదు. జర్మను భాషకు దగ్గరి చుట్టమైన ఒక మాండలికము. అట్లని జర్మను ప్రభుత్వము ఆ ప్రజల యిష్టమును అడిగి సీమను కైకొనెనా? అదియును లేదు. ఉభయపక్షములును తమ తమ వాదమును వినిపించిరే గాని, అల్సాసు ప్రజల మాటను బాలురకు వినిపింపలేదు.

ఇట్లు పెరిగిన బాలురే 1914లో యుద్ధరంగమున ఒకరి నొకరు ఎదుర్కొనిరి. నాలుగేండ్లలో లక్షలకొలది యువకులు ఇరువైపుల మరణించిరి. 1918లో అల్సాసు ఫ్రాన్సునకు తిరిగి వచ్చెను; 1940లో జర్మనీ దానిని మరల కలుపుకొనెను; 1945 నాటికి అది మరల ఫ్రాన్సునకు చేరెను. 1870లో స్ట్రాస్‌బర్గున పుట్టి డెబ్బదియైదేండ్లు జీవించిన వ్యక్తి, ఊరు కదలకయే నాలుగు మారులు దేశము మారియుండును. దేశము మారినప్పుడెల్ల బడిలో బోధనాభాష మారెను, చరిత్రపాఠమును మారెను.

ఈ అనర్థమును ఉపాధ్యాయులు కొందరు ముందుగనే గుర్తించిరి. 1935లో ఫ్రెంచి, జర్మను చరిత్రకారులును ఉపాధ్యాయులును పారిసులో సమావేశమై, వివాదాస్పదములైన అంశములను ఒక్కొక్కటిగా చర్చించిరి. 1914 నాటి యుద్ధమును ఏ ఒక్క ప్రభుత్వమో, ఏ ఒక్క జాతియో బుద్ధిపూర్వకముగా కోరి తెచ్చెనని చెప్పుటకు ఆధారములు చాలవని వారంగీకరించిరి. తిలాపాపము తలా పిడికెడు అన్నట్లు నిందను పంచుకొనిరి. కాని అప్పటికే జర్మనీలో హిట్లరు పరిపాలన సాగుచుండెను. యుద్ధమునకు యువకులను సిద్ధపరచు ప్రభుత్వమునకు ఇట్టి పాఠము పనికిరాలేదు. అది జర్మను పాఠ్యపుస్తకముల కెక్కలేదు.

ఆ చర్చలలో పాల్గొనిన ఫ్రెంచివారిలో జూల్ ఇసాక్ ఒకరు. మొదటి ప్రపంచయుద్ధమున ఆయన స్వయముగా పోరాడి గాయపడెను. ఫ్రెంచి విద్యార్థులు విరివిగా చదివిన చరిత్రపుస్తకములను రచించెను. అయినను 1940లో యూదుడను కారణముచేత ఆయన ఉద్యోగము పోయెను. భార్యయు, కుమార్తెయు 1943లో పట్టుబడి ఆష్విట్జు నిర్బంధశిబిరమున మరణించిరి.

యుద్ధానంతరము 1951లో ఇరుదేశముల చరిత్రకారులు మరల కలిసికొని, 1935 నాటి అంశములనే ఆధారముగా గ్రహించి నూతన సూచనలను ప్రకటించిరి. ఆ యేడే గేయోర్గ్ ఎకర్ట్ అను ఆచార్యుడు పాఠ్యపుస్తకముల సంస్కరణకై జర్మనీలోని బ్రౌన్‌ష్వైగు నగరమున ఒక సంస్థను స్థాపించెను. పదునారేండ్ల క్రిందట మూలబడిన మాటలు ఇప్పుడెట్లు చెల్లుబాటయ్యెను? సత్యము మారలేదు, ప్రభుత్వముల అవసరము మారినది. ఆ 1951లోనే రెండు దేశములును బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఉమ్మడి యాజమాన్యమునకు అప్పగించుటకు సంధి చేసికొనెను. వైరమువలన నష్టము, స్నేహమువలన లాభము కలుగు కాలము వచ్చినది. బడి కూడ ఆ దారినే నడచినది.

1963 జనవరి 22న అడెనాయరు, డిగాల్ అను నాయకులు మైత్రీసంధిపై చేవ్రాలు చేసిరి. దాని నలువదవ వార్షికోత్సవమునకై 2003లో ఇరుదేశముల విద్యార్థులు ఐదువందలమందికి పైగా బెర్లినులో సమావేశమై, తమకు ఉమ్మడి చరిత్రపుస్తకము కావలెనని కోరిరి. ప్రభుత్వములు సమ్మతించెను. 2006, 2008, 2011 సంవత్సరములలో దాని మూడు సంపుటములు వెలువడెను. పుస్తకము ఒకటే; ఫ్రెంచిలో ఒక ప్రతి, జర్మనులో ఒక ప్రతి. అభిప్రాయము కుదరని చోట రచయితలు తగవును దాచలేదు. ఇరువురి దృష్టులను ప్రక్కప్రక్కనే అచ్చు వేసిరి.

ఈ కార్యము సులభమైనది కాదు. ఫ్రాన్సులో విద్యాప్రణాళిక కేంద్రప్రభుత్వము చేతిలో నుండగా, జర్మనీలో పదునారు రాష్ట్రములును వేర్వేరుగా నిర్ణయించుకొనును. ఆ పుస్తకమును ఏ బడియు చదివి తీరవలెనను నిర్బంధము లేదు. కావున దానిని స్వీకరించిన బడులు తక్కువే. అయినను ఆ ప్రయత్నము వ్యర్థము కాలేదు. జర్మనీ, పోలండు దేశముల పండితులును కలిసి అట్టి ఉమ్మడి పుస్తకమును నాలుగు సంపుటములుగా 2016 - 2020 నడుమ వెలువరించిరి.

స్వదేశాభిమానము మంచిదే, తన దేశచరిత్రను తెలిసికొనుట ప్రతి విద్యార్థికిని ధర్మమే. కాని పాఠమును చదువునపుడు, ఇదే సంగతి పొరుగుదేశపు బడిలో ఎట్లు చెప్పుచుందురో యని ఒక్కమారు ఆలోచించుట కూడ ఆ ధర్మములోనిదే. బెర్లినులో సమావేశమైన విద్యార్థులు చేసినది అదియే. పెద్దలకు డెబ్బదియేండ్లుగా పూర్తిగా చేతకాని పనిని ప్రారంభింపజేసినది వారి ఆ ప్రశ్నయే.