కాటా కలిపినా కంప్యూటర్‌కి కనబడకపోతే

సీరియల్ పోర్టుకు కాలం చెల్లిందని అంటారు గానీ, పొందూరు బజారులోనైనా విశాఖ గోదాములోనైనా ఎలక్ట్రానిక్ కాటాని బిల్లింగ్ కంప్యూటర్‌కి కలపడానికి ఇప్పటికీ అదే చౌక దారి. కంప్యూటర్‌లో లైనక్స్‌ని కొత్త వెర్షన్‌కి మార్చిన మర్నాడు తూకం అంకెలు రాకపోతే అందరూ ముందు తీగనే అనుమానిస్తారు. కెర్నల్ పోర్టును గుర్తుపట్టిందా అన్నది అంతకంటే ముందు చూడాలి.

లైనక్స్‌లో ఈ పోర్టుల పేర్లు టీటీవైఎస్0, టీటీవైఎస్1 అని సాగుతాయి. పేరు ఉన్నంత మాత్రాన పోర్టు ఉన్నట్టు కాదు. మదర్‌బోర్డు మీద ఒక్కటే ఉన్నా డెబియన్ నాలుగు పేర్లు, ఉబుంటు ముప్పై రెండు పేర్లు సిద్ధం చేసి పెడతాయి. డీమెసెజ్ కమాండ్ ఇచ్చి, టీటీవైఎస్0 పక్కన 3ఎఫ్8 చిరునామా, ఐఆర్‌క్యూ 4, 16550ఏ అన్న చిప్ పేరు ఉన్నాయేమో చూడాలి. ఉంటే పోర్టు దొరికినట్టే. సెట్‌సీరియల్ కమాండ్ చిప్ పేరు బదులు ‘అన్‌నోన్’ అంటే అక్కడ ఏమీ లేదని, లేదా బయోస్‌లో పోర్టు ఆపేసి ఉందని అర్థం.

ఎనిమిది పోర్టుల కార్డు పెట్టినవాళ్లకి చిక్కు వేరు. ముందే చెప్పిన పేర్ల పరిమితి నాలుగైతే మిగతావి నమోదు కావు. అందుకే బూట్ లైనులో ‘8250.ఎన్ఆర్_యూఆర్ట్స్’ అన్న పారామీటర్‌తో సంఖ్య పెంచుతారు. 2012 డిసెంబరులో వచ్చిన 3.7 కెర్నల్‌లో 8250 అనే ఈ సీరియల్ డ్రైవర్ పేరు 8250_కోర్ అయింది. పాత పారామీటర్‌ని కెర్నల్ ఎర్రర్ అయినా చూపకుండా పక్కన పెట్టేసింది. నిన్నటి దాకా పనిచేసిన పోర్టులు మాయమయ్యాయి. సెట్టింగు మాత్రం చూడ్డానికి సరిగ్గానే ఉంది. ఇలాంటి తప్పు పట్టుకోవడం మహా కష్టం. 2013లో పాత పేరు కూడా చెల్లేలా సవరించారు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి సీరియల్ సాకెట్టే లేదు, యూఎస్‌బీ కన్వర్టరే గతి. అప్పుడు పేరు టీటీవైయూఎస్‌బీ0 అవుతుంది. ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్ ఉన్న కన్వర్టర్ పెడితే పేరు ఒక్క క్షణం కనబడి పోతుంది. బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై ప్రోగ్రామ్ దాన్ని తనదే అనుకుని లాక్కుంటుంది. నింద కెర్నల్ మీద పడుతుంది. బ్రెయిలీ పరికరం వాడనివాళ్లు ఆ ప్యాకేజీ తీసేస్తే సరిపోతుంది.

పోర్టు కనబడుతున్నా ‘పర్మిషన్ డినైడ్’ అంటే, డెబియన్, ఉబుంటుల్లో ఆ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి మళ్లీ లాగిన్ అవ్వాలి.