స్తూపానికి త్రిభుజాల వల

విశాఖపట్నం: భీమిలి బీచ్ రోడ్డు పక్కనున్న తొట్లకొండపై మహాస్తూపం 2019 అక్టోబరు వర్షాలకు కూలి దెబ్బతింది. ఇటువంటి కట్టడాలను యథాతథంగా నిలపాలంటే పూర్వరూపం కొలతలతో సహా భద్రపడి ఉండాలి. అందుకు త్రీడీ నమూనాలు ఉపకరిస్తాయి.

కంప్యూటర్‌లో ఒక ఆకృతి ఉపరితలాన్ని సాధారణంగా చిన్న చిన్న త్రిభుజాలతో అల్లిన వలగా చూపుతారు. దీనినే మెష్ అంటారు. లేజర్ స్కానర్ ఉపరితలంపై లక్షలాది బిందువులను కొలిస్తే, వాటిని కలిపి ఈ వలను అల్లుతారు.

డీప్ లెర్నింగ్ పద్ధతి వేరు. 2018లో వెలువడిన పిక్సెల్2మెష్‌కు ఒక్క ఫొటో చాలు. కోడిగుడ్డు ఆకారపు వలతో మొదలుపెట్టి, వేలాది నమూనాల నుంచి నేర్చుకున్న దాని ఆధారంగా అంచెలంచెలుగా సాగదీసి వస్తువు రూపానికి తెస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఫొటోలో కనిపించని వెనుక భాగాన్ని యంత్రం ఊహించి పూరిస్తుంది. కుర్చీకి, కారుకు ఆ ఊహ సరిపోవచ్చు. ఇటుక ఇటుకకూ చరిత్ర ఉన్న స్తూపానికి సరిపోదు. కనుక నలువైపులా తీసిన ఫొటోలు, లేజర్ కొలతలే ఆధారం కావాలి. ఊహించిన భాగాన్ని వేరే రంగులో చూపాలి. లేనిపక్షంలో యంత్రం ఊహే చరిత్రగా స్థిరపడే ప్రమాదముంది. బావికొండ, బొజ్జన్నకొండలకూ ఇదే వర్తిస్తుంది. కొలతలు తీయవలసింది కట్టడం కూలిన తరువాత కాదు, నిలిచి ఉన్నప్పుడే.