విపత్తు బాధిత కుటుంబాలకు సాయం: నిధుల మూలాలు, పరిమితులు

తుఫానులు, వరదలు సంభవించిన సందర్భాలలో నిరుపేద కుటుంబాలకు ప్రకటించే ఆర్థిక సాయమంతా కేంద్ర నిధుల నుంచే లభిస్తుందన్న అభిప్రాయం విస్తృతంగా ఉన్నది. వాస్తవం ఇందుకు భిన్నమైనది.

విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 48వ సెక్షన్ రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధికి ఆధారం. పూర్వపు విపత్తు సహాయ నిధి స్థానంలో ఇది 2010-11 నుంచి అమలులోకి వచ్చింది. 15వ ఆర్థిక సంఘం కాలమైన 2021-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలకు ఈ నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. తీవ్ర విపత్తులలో ఈ నిధి చాలనపుడు రాష్ట్రం విజ్ఞాపన పత్రం సమర్పించడం, కేంద్ర బృందం పర్యటించడం, అనంతరం కేంద్ర హోం మంత్రి అధ్యక్షతన గల ఉన్నత స్థాయి సంఘం ఆమోదించడం ద్వారా జాతీయ నిధి నుంచి అదనపు మొత్తం మంజూరు చేస్తారు. అపుడు సైతం రాష్ట్ర నిధి ప్రారంభ నిల్వలో సగాన్ని మినహాయిస్తారు.

ఈ నిధులు తక్షణ ఉపశమనానికి ఉద్దేశించినవే గాని నష్టపరిహారం కావు. 2022-26 నిబంధనల ప్రకారం మృతుని కుటుంబానికి రూ.4 లక్షలు, మైదాన ప్రాంతంలో పూర్తిగా ధ్వంసమైన ఇంటికి రూ.1.20 లక్షలు నిర్దేశించగా, పూర్తిగా దెబ్బతిన్న గుడిసెకు దక్కేది రూ.8 వేలు మాత్రమే. రెండు రోజులకు మించి నీట మునిగిన ఇంటి కుటుంబానికి దుస్తుల నిమిత్తం రూ.2,500, పాత్రల నిమిత్తం మరో రూ.2,500. ఆస్తి తక్కువగల వారికే సాయమూ తక్కువ కావడం ఈ విధానంలోని ప్రధాన లోపమని చెప్పక తప్పదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినపుడు రాష్ట్ర ప్రభుత్వం నీట మునిగిన దిగువ అంతస్తు కుటుంబాలకు రూ.25 వేలు, పై అంతస్తుల వారికి రూ.10 వేలు చొప్పున ప్రకటించింది. నిబంధనలకు మించిన మొత్తాన్ని ఏ రాష్ట్రమైనా సొంత వనరుల నుంచే భరించవలసి ఉంటుంది. ఆ విపత్తులో ముఖ్యమంత్రి సహాయ నిధికి అందిన విరాళాలు కొంత ఊరటనిచ్చాయి. కేంద్రం 2024 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు రూ.1,036 కోట్లు, తెలంగాణకు రూ.416.80 కోట్లు విడుదలకు ఆమోదం తెలిపినప్పటికీ, అందులో ప్రధాన భాగం రాష్ట్ర నిధిలో కేంద్ర వాటాయే. ప్రత్యేక ప్యాకేజీగా దానిని పరిగణించడం సరికాదు.

దెబ్బతిన్న ఇల్లు అధీకృత నిర్మాణమని రాష్ట్రంలోని అధీకృత అధికారి ధ్రువీకరించాలన్న షరతు మరింత కీలకమైనది. వాగు గట్లపైన, పోరంబోకు స్థలాలలోను నివసించేవారే ముందుగా ముంపునకు గురవుతారు. గృహ సాయానికి అర్హత కోల్పోయే ప్రమాదం గలవారూ వారే. ఇంటి నష్టానికి ఇచ్చే సొమ్ము, పాత్రలు, దుస్తులకు ఇచ్చే సొమ్ము వేర్వేరు పద్దులు. అందువలన నష్ట గణన సమయంలో ఇంటి యజమాని వివరాలతో పాటు అద్దెకుంటున్న కుటుంబం వివరాలను, నీరు నిలిచిన రోజుల సంఖ్యను విడివిడిగా నమోదు చేయవలసి ఉంటుంది.