త్రిభుజాలతో ఇల్లు కడితే...

1960 ఏప్రిల్‌లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, కార్బన్‌డేల్ పట్టణంలో ఓ గుమ్మటపు ఇల్లు 7 గంటల్లో లేచి నిలబడింది. 60 త్రికోణపు చెక్క పలకలు తెచ్చారు, ఒకదానికొకటి బిగించారు, అంతే! లోపల స్తంభం లేదు, దూలం లేదు. అందులో కాపురం పెట్టింది దాన్ని రూపొందించిన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్, ఆయన భార్య ఆన్. 1971 దాకా అక్కడే ఉన్నారు.

ఇలాంటి గుమ్మటాన్ని మొదట కట్టింది ఫుల్లర్ కాదు. 1920ల్లోనే జర్మనీలోని జేనాలో జైస్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ ప్లానెటేరియం కోసం కట్టాడు. కానీ దానికి జియోడెసిక్ డోమ్ అని పేరుపెట్టి, 1954లో అమెరికాలో పేటెంటు తీసుకుని, ఊరూరా తిరిగి ప్రచారం చేసింది ఫుల్లరే. 1948లో బ్లాక్ మౌంటెన్ కాలేజీ విద్యార్థులతో కలిసి ఆయన చేసిన తొలి ప్రయత్నంలో ఆ గుమ్మటం నేలమీంచి లేవనే లేదు. మరుసటేడు నిలబెట్టి చూపించాడు.

దీని బలమంతా త్రిభుజానిదే. నాలుగు కర్రల్ని చతురస్రంగా మేకులతో బిగించి ఓ మూల తోస్తే పక్కకు వాలిపోతుంది. మూడు కర్రలైతే, కర్ర విరగాలే తప్ప ఆకారం మారదు. 20 సమాన త్రిభుజాలతో ఓ బంతిలాంటి ఆకారం వస్తుంది. అందులో ప్రతి త్రిభుజాన్నీ నాలుగుగా చేసి, కొత్తగా వచ్చిన మూలల్ని గోళం అంచుదాకా బయటికి జరిపి, సగానికి కోస్తే చిన్న డోమ్ తయారవుతుంది. దానికి 65 కడ్డీలు, 26 కూడళ్లు, 40 త్రిభుజాలు. ఇన్ని కడ్డీలున్నా కొలతలు మాత్రం రెండే. వ్యాసార్ధం 3 మీటర్లనుకుంటే పొడవువి 1.85 మీటర్ల చొప్పున 35, పొట్టివి 1.64 మీటర్ల చొప్పున 30 కావాలి. ఇవి కూడలి మధ్య నుంచి కూడలి మధ్యకు తీసిన కొలతలు. కూడలి దగ్గర వాడే ప్లేటు ఆక్రమించేంత పొడవును కడ్డీలో తగ్గించుకోవాలి. కోసేటప్పుడు ప్రతిసారీ టేపు పట్టకూడదు. బల్లకు ఓ చెక్కముక్క అడ్డం కొట్టి, దానికి ఆనించి అన్నింటినీ ఒకే పొడవుకు కోయాలి. ఒక్కోదాంట్లో 5 మిల్లీమీటర్ల తేడా వచ్చినా పోగుపడి, చివరి కడ్డీ ఎక్కడా ఇమడదు.

ఇంతవరకూ లెక్కల పని. అసలు పరీక్ష వానాకాలంలో!

మామూలు ఇంటికి చూరు ఉంటుంది, కిటికీ మీద సజ్జ ఉంటుంది. డోమ్‌లో గోడే కప్పు, కప్పే గోడ. పైన పడిన చినుకు ప్రతి అతుకునూ తడుముకుంటూ కిందికి దిగుతుంది. పైన చెప్పిన చిన్న డోమ్‌కే, నేలను ఆనుకున్నవి వదిలేసి లెక్కేస్తే, సుమారు 95 మీటర్ల పొడవున అతుకులుంటాయి. ఒక్క గదికి! పగటి ఎండకు పలకలు వ్యాకోచిస్తాయి, రాత్రికి ముడుచుకుంటాయి. మధ్యలో పూసిన సీలెంట్ కొన్నాళ్లకు చిట్లుతుంది. ఇక ఇల్లు ఉరవక ఏం చేస్తుంది?

ఈ సంగతి లాయిడ్ కాన్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. కాలిఫోర్నియాలోని పసిఫిక్ హైస్కూల్లో విద్యార్థులతో కలిసి 17 డోమ్‌లు కట్టించి, 1970, 71ల్లో ‘డోమ్‌బుక్’ పేరుతో రెండు పుస్తకాలు వేశాడు. వాటిని చూసి ఎందరో కట్టుకున్నారు. తాను కూడా డోమ్‌లో ఉండి చూశాక ఆయన మనసు మారింది. కారే అతుకులు, కోతలో వృథాపోయే ప్లైవుడ్, అడ్డగోడ కట్టాలంటే కుదరని వంపులు... అమ్ముడుపోతున్న పుస్తకాన్నే ముద్రించడం ఆపేశాడు. 1973లో అన్ని రకాల ఇళ్లమీద ‘షెల్టర్’ తెచ్చాడు. డోమ్ గురించి ఎవరేం చెప్పినా, నేను ముందు నమ్మేది కాన్ మాటే.

కారుతున్న కప్పును బాగుచేయడమూ చిన్న పని కాదు. అమెరికాలోని డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ కార్ల కంపెనీ రొటుండా భవనానికి 1953లో ఫుల్లరే గుమ్మటం వేశాడు. 1962లో కప్పు మీద వాటర్‌ప్రూఫింగ్ చేస్తుండగా మంటలు లేచి భవనమంతా కాలిపోయింది.

మరి డోమ్ పనికిరాదా? దక్షిణ ధ్రువంలో 1975 నుంచి 50 మీటర్ల వెడల్పు డోమ్ మూడు దశాబ్దాలకు పైగా నిలిచింది. అక్కడ వాన లేదు. అహ్మదాబాద్‌లో గౌతమ్, గీరా సారాభాయ్ 1962లో కట్టిన కాలికో డోమ్ కాలికో మిల్లు బట్టల షోరూమ్‌గా వెలిగింది, మిల్లు మూతపడ్డాక దిక్కులేక కూలిపోయింది. ఇంగ్లండ్‌లోని ఈడెన్ ప్రాజెక్టు డోమ్‌ల్లో 2001 నుంచి మొక్కలు పెరుగుతున్నాయి. ఇవన్నీ అడ్డగోడల్లేని ఒకే పెద్ద చోటు అడిగిన పనులు. నర్సరీ, ధ్యానమందిరం, బడిలో ఆటలగది... వీటికి డోమ్‌ను మించింది లేదు. మూడు పడగ్గదులు, వంటిల్లు, బీరువాలు అంటే మాత్రం పేచీ మొదలవుతుంది.

గాలికి గుండ్రం మంచిదని మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు కట్టినవాళ్లకు ఎప్పుడో తెలుసు. కానీ వాళ్లు తాటాకు చూరును దాదాపు నేలదాకా దించారు. గాలినీ వాననూ కలిపే ఆలోచించారు.

కట్టుకోవాలన్న కోరిక బలంగా ఉంటే ముందు గోడ ఎత్తు చూసుకోండి. 3 మీటర్ల వ్యాసార్ధపు డోమ్‌ను నేలమీదే పెడితే అంచు నుంచి అర మీటరు దూరంలో కప్పు 1.66 మీటర్ల ఎత్తు కూడా ఉండదు, తల తగులుతుంది. నాలుగడుగుల ఇటుక గోడ కట్టి దానిమీద కూర్చోబెడితే తలకూ, తలుపుకూ దారి దొరుకుతుంది. అతుకుల్లో సీలెంట్ నింపి ఊరుకోకుండా, పైన చేప పొలుసుల్లా ఒకదానిమీదొకటి ఎక్కే పెంకులో, ఒకే ముక్కగా కప్పే పొరో వేయాలి. కిటికీకి సొంత సజ్జ ఉండాలి. శిఖరాన వేడిగాలి పోయే దారి కావాలి. లోపలి చెక్కపనికి తొందరపడొద్దు. ఒక వానాకాలం ఖాళీగా వదిలి, తడి మరక పడిన చోటల్లా సుద్దతో గుర్తుపెట్టి, అవి సరిచేశాకే వడ్రంగిని పిలవాలి.