తండ్రుల చేతివిద్య

ఒక దేశముయొక్క సంపదను లెక్కించువారు పొలములను, గనులను, యంత్రశాలలను, బ్యాంకులలోని నిల్వలను లెక్కింతురు. యంత్రము చెడి త్రోవలో నిలిచిపోయినప్పుడు దానిని మరల నడపజాలిన చేతులను లెక్కలో జేర్చువారు అరుదు. ధాన్యపు బస్తాలతో అర్ధరాత్రివేళ ఊరికి దూరముగ ఏ లారీ నిలిచిపోయినదో ఆ లారీ యజమానికి మాత్రము ఆ చేతుల విలువ తెలియును. ఆ రాత్రి యతనికి బ్యాంకులోని నిల్వకంటె, పానాల సంచి భుజమున వేసికొని వచ్చు మేస్త్రీయే యెక్కువ.

ఆంధ్రదేశమునందును, తెలంగాణమునందును లారీ మరమ్మతు విద్య కొన్ని తరములుగా తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచు వచ్చినది. దానికి గ్రంథములు లేవు, పరీక్షలు లేవు, పట్టములు లేవు. అట్టి విద్య ఈ తరముతో ముగియునేమో యను సందేహ మిప్పుడు కలుగుచున్నది. అది ముగిసినచో నష్టము ఆ కుటుంబములకు మాత్రమే గాదు. పంటను బజారునకు చేర్చవలసిన రైతునకును, సరకు తెప్పించుకొనవలసిన వర్తకునకును గూడ నష్టమే. కావున ఈ విద్య పుట్టుపూర్వోత్తరములను, నేటి స్థితిని పాఠకులు కొంచెము ఆలోచింపవలసియున్నది.

మోటారు లారీ మనకు విదేశమునుండి వచ్చిన వాహనము. 1928లో అమెరికాకు చెందిన జనరల్ మోటార్సువారు బొంబాయిలో కర్మాగారమును నెలకొల్పి, విడిభాగములుగ ఓడలలో వచ్చిన వాహనములను కూర్చుట కారంభించిరి. 1932లో నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖ 27 బస్సులతో రోడ్డు రవాణాను మొదలిడెను. వాహనములు వచ్చినవి గాని, వానిని బాగుచేయువారు ఊరూరికిని వానితో రాలేదు. ఇనుము కాచి సాగగొట్టు కమ్మరియు, ఇరుసుల స్వభావ మెరిగిన బండి వడ్రంగియు, మోటారు నడపు డ్రైవరును, దానిని కడుగు క్లీనరును మన మొదటి మెకానిక్కులైరి.

రెండవ ప్రపంచయుద్ధము వీరికి కఠినమైన పాఠశాల యయ్యెను. పెట్రోలు కరవైనందున బస్సుల వెనుక పెద్ద పొయ్యిని బిగించి, అందు బొగ్గును మండించి, ఆ గ్యాసుతో ఇంజనును నడపవలసివచ్చెను. బయలుదేరుటకు ముందు చేతితో చక్రము త్రిప్పి నిప్పు రాజవేయవలెను. ఇంజనునకు బలము తగ్గెడిది. గొట్టములలో మసియు బూడిదయు పేరుకొనెడిది. పెట్రోలుకై నిర్మించిన ఇంజనును బొగ్గుగ్యాసుతో నడపుట నేర్చినవానికి, చెడిన ఇంజనును చూచి వెరచు నలవాటు పోయెను. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యము వదలిన లారీలు అమ్మకమునకు వచ్చెను. విడిభాగములు దొరకుట కష్టము. ఒక లారీ భాగమును మరియొకదానికి అమర్చుట, లేనిదానిని లేతు యంత్రముపై తరిణె పట్టించుకొనుట నాటి మేస్త్రీలకు నిత్యకృత్యమయ్యెను.

స్వరాజ్యము వచ్చిన తరువాత స్వదేశమున లారీల నిర్మాణము వృద్ధిజెందెను. 1948లో మద్రాసున స్థాపితమైన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండు అయ్యెను. 1954లో టాటావారు జర్మనీదేశపు డైమ్లర్ బెంజివారితో కూడి జంషెడ్‌పూరులో లారీలను చేయ నారంభించిరి. ఆ యొడంబడిక 1969లో ముగిసినను లారీల నిర్మాణము ఆగలేదు. 1951లో బెంగుళూరున వెలసిన మైకో కంపెనీ డీజిలు ఇంజనులకు గావలసిన పంపులను చేయసాగెను. అయినను దేశమునకు గావలసినన్ని లారీలు చాలకాలము దొరకలేదు. సొమ్ము చేతనున్నవాడును క్రొత్త లారీకి పేరు వ్రాయించుకొని కాచుకొనవలసిన దినము లవి. కాబట్టి ఉన్న లారీనే పదేండ్లు, ఇరువదేండ్లు నిలుపుకొనవలసివచ్చెను. ఈ యవసరమే తండ్రుల విద్యను పెంచినది.

ఆ విద్యకు మన దేశమున ముఖ్యస్థానము బెజవాడ. కలకత్తా–మద్రాసు రాజమార్గమును, హైదరాబాదు–మచిలీపట్టణపు మార్గమును అచ్చట కలిసికొనును. కృష్ణాడెల్టా పంటలన్నియు ఆ దారిని పోవలసినవే. గత శతాబ్దమున 1960ల ప్రాంతమున అచ్చట జవహర్ ఆటోనగరము వెలసినది. ఒక షెడ్డులో ఇంజను విప్పుదురు; ప్రక్కదానిలో గేరుబాక్సు; మరియొకచోట పంపు, నాజిళ్లు; వేరొకచోట కమాను కట్టలను కాచి వంపు తీర్చుదురు. బాడీ కట్టు వడ్రంగి, రేకు సవరించు టింకరు, రంగు వేయువాడు, విద్యుత్తీగలు చూచువాడు – ఎవరి షెడ్డు వారిదే. గుంటూరు, విశాఖపట్టణము, హైదరాబాదు నగరములందును ఇట్టి ఆటోనగరము లున్నవి.

ఈ షెడ్లలో విద్య నేర్పు పద్ధతిని గమనింపవలయును. వయసు మీరిన మేస్త్రీ నెవరిని పలుకరించినను చెప్పు కథ యించుమించు ఒక్కటే. కుర్రవానికి మొదట పానా చేతికియ్యరు. విప్పిన భాగములను కిరసనాయిలులో కడిగి, గోనెపట్టాపై విప్పిన వరుసలోనే పేర్చవలెను. ఏ నట్టు ఎచ్చటిదో మరచినచో నాటి కూడు తిట్లతోనే. పిమ్మట పానాల కొలతలు: తండ్రి లారీ క్రింద పండుకొని చేయి చాచి సంఖ్య చెప్పును, కుర్రవాడు చూడకయే ఆ పానాను తీసి యీయవలెను. కొంతకాలము గడచిన తరువాత సిలిండర్లు మండు వరుస. ఓనమాలు చదివినట్లు, ‘ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు’ అని ఆరు సిలిండర్ల ఇంజను వరుసను వల్లించవలెను. దాని యర్థము తరువాత తెలియును. ముందు నోటికి రావలెను. మన పూర్వులు నిఘంటువులను నేర్పిన పద్ధతియు నిదియే గదా.

ఆ పిమ్మట ఇంద్రియములకు శిక్షణ. పొగ నల్లనైనచో ఇంజనులోనికి గాలి చాలలేదు, లేక డీజిలు ఎక్కువైనది. నీలి పొగ వచ్చినచో ఇంజనాయిలు మండుచున్నది, రింగులు అరిగియుండవచ్చును. తెల్లపొగ తగ్గనిచో డీజిలు పూర్తిగ మండుట లేదు, లేక సిలిండరులోనికి నీరు దిగుచున్నది. రేడియేటరులో బుడగలు లేచినచో హెడ్డు గాస్కెట్టును అనుమానింపవలెను. పెద్ద స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి చేర్చి, వైద్యుడు గుండెను విన్నట్లు బేరింగును వినవలెను. ఆరింటిలో ఏ సిలిండరు పనిచేయుట లేదో తెలియవలెనన్న, ఇంజను నడచుచుండగా ఒక్కొక్క నాజిలు గొట్టపు నట్టును కొంచెము సడలింతురు. ఇంజను చప్పుడు మారినచో ఆ సిలిండరు మంచిది. మార్పు లేనిచో రోగ మచ్చటనే. ఇట్టి పరీక్షలకు వేలరూపాయల పరికరములు అక్కరలేదు. తండ్రి ప్రక్కన నిలిచి విన్న యేండ్లు కావలెను.

ఇంతవరకు చెప్పినది ఆ విద్యయొక్క వెలుగు. దాని చీకటినిగూడ దాచరాదు. పలకపట్టవలసిన చేతులు గ్రీజులో మునిగినవి. మునుపటి బ్రేకు లైనింగులందలి రాతినార ధూళి ఊపిరితిత్తులకు హానిచేయునని చాలమందికి తెలియదు. జాకీ జారి కాళ్లు పోగొట్టుకొన్నవారును, కాగిన రేడియేటరు మూత తీసి ముఖము కాల్చుకొన్నవారును ఉన్నారు. కొడుకునకు జీతము లేదు; బయటి కుర్రవానికి కూడు, దెబ్బలు. ఆడబిడ్డకు ఆ షెడ్డు గుమ్మము తెరవబడలేదు. 2009 నాటి నిర్బంధ విద్యాహక్కు చట్టమును, 2016లో సవరింపబడిన బాలకార్మిక నిషేధ చట్టమును వచ్చినపిదప, పదునాలుగేండ్లలోపు పిల్లవానిని షెడ్డులో పనికి నిలుపుట శాసనవిరుద్ధమైనది. అది న్యాయమే. కొడుకును కళాశాలకు పంపి, ‘నా చేతిమసి వానికి అంటకూడదు’ అనుకొను మేస్త్రీని తప్పుపట్టు నధికారము మన కెవరికిని లేదు.

అయితే ఆ చట్టములు మూసిన పాత తలుపునకు బదులుగ క్రొత్త తలుపు తెరవబడినదా యనునది ప్రశ్న. ఇంతలో ఇంజనే మారిపోయినది. గాలిని కాపాడుటకై 2017 ఏప్రిలు 1 నుండి దేశమంతట భారత్ స్టేజి నాలుగవ నియమములును, 2020 ఏప్రిలు 1 నుండి ఆరవ నియమములును అమలులోనికి వచ్చెను. డీజిలును ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో ఇప్పుడు పంపులోని స్ప్రింగులు నిర్ణయింపవు. ఒక చిన్న పెట్టెలోని కంప్యూటరు నిర్ణయించును. పొగలోని విషవాయువును అణచుటకు అనేక లారీలలో యూరియా ద్రావణపు తొట్టి వేరుగ నున్నది. దోషము కలిగినచో అద్దము ముందర దీపము వెలిగి, ఒక సంకేతసంఖ్య ఆ పెట్టెలో నమోదగును. ఆ సంఖ్యను చదువుటకు స్కానరు కావలెను. కొన్ని మరమ్మతులకు కంపెనీవారి సాఫ్ట్‌వేరు అనుమతిగూడ కావలెను. నలువది యేండ్లు ఇంజనులను విన్న మేస్త్రీ ఆ పెట్టె యెదుట నిరక్షరాస్యుడై నిలుచుచున్నాడు.

పాత పద్ధతిని క్రొత్త ఇంజనుపై యథాతథముగ ప్రయోగించుట యపాయకరముకూడ. పైని చెప్పిన నట్టు సడలించు పరీక్షను క్రొత్త లారీపై చేయరాదు. ఆ గొట్టములలో డీజిలు వాతావరణ పీడనమునకు వేయి రెట్లు మించిన యొత్తిడితో నుండును. సన్నని ధార చర్మమును చీల్చి లోనికి దూరగలదు. ఈ సంగతి చెప్పువాడు లేక, తండ్రి నేర్పినట్లే పానా పట్టుకొని వంగువాని గతి యేమి?

మరియొక వైపున 2021లో కేంద్రప్రభుత్వము పాత వాహనములను తుక్కుచేయు విధానమును ప్రకటించెను. పొగ గ్రక్కు ముదుసలి లారీలు నగరములలోని పిల్లల ఊపిరిని చెరచుచున్నవనుట సత్యము. వానిని కలకాలము నడుపవలెనని మేము వాదింపము. కాని, ఒక్క లారీతో జీవించు యజమానికి క్రొత్తదానిని కొనుట పెద్ద అప్పు. అతని లారీ పరీక్షలో నెగ్గునంతకాలము, అది పొగ గ్రక్కకుండ, బ్రేకులు జారకుండ నడచునట్లు చేయగలవాడు ఆ పాత మేస్త్రీయే. బాగుగ మరమ్మతు చేసిన లారీ తక్కువ పొగ వదలును. తక్కువ డీజిలు త్రాగును. కావున మరమ్మతు విద్య గాలికి శత్రువు కాదు, మిత్రము.

క్రొత్త లారీ కంపెనీ షెడ్డునకే పోవును, ఇంక ఈ మేస్త్రీ యెందులకని కొందరు అడుగుదురు. ఆ షెడ్డు వందమైళ్ల దూరమున నుండవచ్చును. పంట మాత్రము వేచియుండదు. మరియు స్కానరు చెప్పు సంఖ్య ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. డీజిలు ఒత్తిడి తగ్గినదని యది చెప్పును. ఫిల్టరు మూసికొనిపోయినదా, గొట్టములో గాలి చేరినదా, పంపు అరిగినదా యనునది మనుష్యుడు తేల్చవలెను. ఆ తేల్చు బుద్ధి లేనివాడు ఒకదాని వెనుక నొకటి భాగములను మార్చుచు పోవును. దాని వెల యజమాని యిచ్చుకొనును. తండ్రుల విద్యయొక్క సారము ఈ తేల్చు బుద్ధియే. దానికి క్రొత్త అక్షరములు నేర్పినచో మరల ప్రకాశింపగలదు.

దీనికి మూడు కార్యములు జరుగవలయును. మొదటిది, మరమ్మతు హక్కు. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి, మోటారు కంపెనీలు మరమ్మతు సమాచారమును బయటి షెడ్లకును ఈయవలెనని కోరి సాధించిరి. మన కేంద్రప్రభుత్వమును 2022 జూలైలో ఈ విషయమై ఒక సంఘమును నియమించి, ఆ డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలును తెరచెను. వ్యవసాయ పరికరములును, మోటారు వాహనములును అందు చేరియున్నవి. ఇది మంచి యారంభము. కంపెనీల దయగా గాక, వెల చెల్లించు ప్రతి మేస్త్రీకిని శాసనబద్ధమైన హక్కుగ నిది స్థిరపడవలయును.

రెండవది, మేస్త్రీలను గురువులుగ గౌరవించుట. 1950లో ఆరంభమైన వృత్తిశిక్షణ ప్రణాళికయు, 1961 నాటి అప్రెంటిసు చట్టమును మనకున్నవి. డీజిలు మెకానిక్కు తరగతులు ఐటిఐలలో జరుగుచున్నవి. పట్టము లేదను కారణమున ఆటోనగరపు మేస్త్రీ ఆ తరగతి గుమ్మము దాటలేకున్నాడు. పూర్వానుభవమును పరీక్షించి యోగ్యతాపత్ర మిచ్చు పద్ధతి 2015 నాటి కౌశల ప్రణాళికలోనే యున్నది. దానిని విరివిగ నుపయోగించి, వారమున కొకటి రెండు దినములు మేస్త్రీని తరగతికి రప్పింపవలెను. విద్యార్థి యతనివలన వినుట నేర్చును. అతడు విద్యార్థివలన స్కానరు చదువుట నేర్చును. అచ్చట ఆడబిడ్డలకును చోటుండవలెను.

మూడవది, గ్రంథరచన. పొగ రంగులు, ధ్వనుల భేదములు, బోల్టులు బిగించు వరుసలు – ఇవి యన్నియు నేటికిని ఎక్కువగ నోటిమాటలుగనే యున్నవి. వానిని మేస్త్రీలనుండి అడిగి, మేస్త్రీలు వాడు మాటలతోనే తెలుగున వ్రాసి, బొమ్మలతో ముద్రించుట యంత కష్టసాధ్యము కాదు. విశ్వవిద్యాలయములు చేయకున్నచో లారీ యజమానుల సంఘములు చేయవచ్చును.

పాఠకులలో లారీ, ట్రాక్టరు గలవారు అనేకు లుందురు. వారికి మా మనవి యిది: మరమ్మతునకు పోయినప్పుడు కూలి తగ్గించుటకై బేరమాడుటతో నిలిచిపోవలదు. మేస్త్రీ ప్రక్కన నేర్చుకొనుచున్న పదునెనిమిదేండ్ల యువకు డున్నాడో లేడో చూడుడు. ఉన్నచో అతనికి స్కానరు కొనుటకు మీ సంఘమునుండి కొంత బదులిండు. లేనిచో, ఆ మేస్త్రీ చేతులు అలసిననాడు మీ బండి యెవరు చూతురో ఇప్పుడే ఆలోచించుడు.